నోరు మూసే ముందు ముక్కును అడగాలి

గాయానికి కట్టిన గుడ్డ ఊడిపోకుండా అంటించే తెల్లటి కాగితపు ప్లాస్టరు ఏ మందుల దుకాణంలోనైనా దొరుకుతుంది. ఆసుపత్రిలో సెలైన్ సూది కదలకుండా చేతికి అంటించేదీ అదే. నాలుగైదేళ్లుగా దానికి ఒక కొత్త పని తగిలింది. పడుకునే ముందు పెదవులు మూసి, వాటి మీద ఒక ముక్క అంటించుకుంటే రాత్రంతా నోరు తెరుచుకోదట, ఊపిరి ముక్కుతోనే ఆడుతుందట. గురక పోతుంది, తెల్లారేసరికి గొంతు ఎండదు, పగలంతా హుషారుగా ఉంటుంది, చివరికి దవడ కూడా చెక్కినట్టు తయారవుతుంది అంటూ ఫోన్లలో వీడియోలు ఊదరగొడుతున్నాయి. పెదవుల ఆకారంలో కత్తిరించిన పట్టీలను డబ్బాల్లో పెట్టి ఆన్‌లైన్‌లో అమ్ముతున్నారు. ముక్కుతో ఊపిరి పీల్చడం మంచిదన్న మాటలో అబద్ధం లేదు. కానీ ఆ మాటకూ, నోటికి ప్లాస్టరు వేసుకోమన్న సలహాకూ మధ్య ఒక మెట్టు కనిపించకుండా పోయింది. నిద్రలో ఆ నోరు అసలెందుకు తెరుచుకుంటోంది? పత్తి నూగు, మిర్చి ఘాటు, రోడ్డు దుమ్ము కలిసిన గాలి పీల్చే వరంగల్ లాంటి ఊళ్లో ఈ ప్రశ్న అడగకుండా ప్లాస్టరు చుట్ట కొనడం తొందరపాటే.

ముందు ముక్కు గొప్ప చెప్పుకోవాలి. బయటికి రెండు రంధ్రాలే అయినా, లోపల ఒక్కో వైపు గోడ నుంచి మూడేసి మెత్తటి మడతలు వేలాడుతుంటాయి. నిండా రక్తనాళాలున్న ఆ మడతలను ఒరుసుకుంటూ పోయేసరికి డిసెంబరు చలిగాలి కూడా దాదాపు ఒంటి వేడికి వస్తుంది, తేమ పట్టుకుంటుంది. దుమ్ములోని పెద్ద రేణువులు చీమిడికి అంటుకుపోతాయి. కంటికి కనిపించనంత సన్నటి రోమాలు వాటిని మెల్లగా గొంతు వైపు నెట్టేస్తాయి. నోటికి ఈ ఏర్పాట్లేవీ లేవు. రాత్రంతా నోటితో పీల్చేవాళ్లకు నాలుక పిడచకట్టుకుపోవడం, లాలాజలం ఆరి పళ్లు పుచ్చడం ఇందుకే. 1995లో స్వీడన్‌లోని కరోలిన్‌స్కా సంస్థలో జాన్ లుండ్‌బర్గ్ బృందం ఇంకో సంగతి బయటపెట్టింది. ముక్కు చుట్టూ ఎముకల్లో ఉండే గాలి గదుల్లో నైట్రిక్ ఆక్సైడ్ పెద్ద మోతాదులో తయారవుతుంది. రక్తనాళాలను సడలించే ఈ వాయువు పనితీరును కనిపెట్టినందుకే 1998లో ముగ్గురు అమెరికన్ శాస్త్రవేత్తలకు వైద్యంలో నోబెల్ వచ్చింది. ముక్కుతో పీల్చినప్పుడు అది కొంత ఊపిరితిత్తుల్లోకి దిగి, గాలి అందుతున్న చోటికి రక్తం చేరడానికి తోడ్పడుతుంది. 2002లో అదే సంస్థ పరిశోధకులు, నోరు మూసుకుని కూనిరాగం తీస్తే ముక్కు నుంచి వెలువడే ఈ వాయువు దాదాపు 15 రెట్లు పెరుగుతుందని కొలిచి చూపారు. భ్రామరి ప్రాణాయామం చేసేవాళ్ల చెవికి ఈ వార్త ఇంపుగానే ఉంటుంది. అయితే ప్రయోగశాలలో కొలిచిన వాయువుకూ, పొద్దున లేచాక ఒంట్లో ఉండే హుషారుకూ మధ్య దూరం చాలా ఉంది. ప్లాస్టరు అమ్మేవాళ్లు ఆ దూరాన్ని ఒక్క గెంతులో దాటేస్తారు.

నిద్రకు సంబంధించినంత వరకు అసలు వ్యవహారం నడిచేది గొంతు దగ్గర. మెలకువగా ఉన్నప్పుడు నాలుకను ముందుకు పట్టి ఉంచే కండరాలు నిద్రలో సడలుతాయి. వెల్లకిలా పడుకుంటే నాలుక మొదలు, అంగిలి మెత్తటి భాగం, కొండనాలుక కలిసి వెనక్కి జారతాయి. నోరు తెరుచుకుంటే కింది దవడ కిందికీ వెనక్కీ తిరిగి, నాలుకను కూడా తనతోపాటు లాక్కుపోతుంది. దాంతో దారి మరింత ఇరుకవుతుంది. ఆ ఇరుకులో నుంచి గాలి పోతుంటే కదిలే కండ చప్పుడే గురక. ఈ తేడా ఎంతో కెనడాలో ఫిట్జ్‌ప్యాట్రిక్ బృందం కొలిచి 2003లో ప్రచురించింది. ఆరోగ్యంగా ఉన్న 12 మందిని ఒకసారి ముక్కుతో మాత్రమే, ఒకసారి నోటితో మాత్రమే ఊపిరి పీల్చేలా చేసి నిద్రపుచ్చారు. నోటితో పీల్చినప్పుడు గొంతులో గాలికి ఎదురయ్యే అడ్డు రెండింతలకు పైగా పెరిగింది. ఊపిరి ఆగిపోవడం, సన్నగిల్లడం ముక్కుతో పీల్చినప్పుడు గంటకు సగటున ఒకటిన్నర సార్లే ఉంటే, నోటితో పీల్చినప్పుడు 43 సార్లకు చేరింది. ప్లాస్టరు పక్షాన నిలబడే సాక్ష్యాల్లో నాకు అన్నిటికన్నా గట్టిగా కనిపించేది ఇదే. కానీ ఆ 12 మందీ ముక్కులు బాగున్నవాళ్లన్నది మరవకూడదు.

నోరు మూసుకుని పడుకోమన్న బోధ కొత్తదేమీ కాదు. అమెరికా ఆదివాసుల చిత్రాలు గీసిన జార్జ్ కాట్లిన్ 1860ల్లోనే దీని మీద ఒక పుస్తకం రాశాడు. నిద్రపోయే పసిపిల్లల పెదవులను ఆదివాసీ తల్లులు వేళ్లతో కలిపి మూయడం చూశాననీ, వాళ్ల ఆరోగ్య రహస్యం అదేననీ వాదించాడు. ఇరవయ్యో శతాబ్దం మధ్యలో సోవియట్ వైద్యుడు కాన్‌స్టాంటిన్ బుటెయ్‌కో ఉబ్బసానికి మూలం ఎక్కువగా ఊపిరి పీల్చడమేనని చెప్పి, ముక్కుతో తక్కువ తక్కువగా పీల్చే పద్ధతి నేర్పాడు. రాత్రి నోటికి ప్లాస్టరు వేయడం ఆయన అనుచరుల ద్వారానే వైద్య పద్ధతిగా ప్రచారంలోకి వచ్చింది. ఇప్పటి జోరుకు మాత్రం కారణం 2020లో వచ్చిన జేమ్స్ నెస్టర్ పుస్తకం ‘బ్రెత్’. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో ముక్కు వైద్య నిపుణుడు జయకర్ నాయక్ పర్యవేక్షణలో నెస్టర్, ఆయన స్నేహితుడు ఆండర్స్ ఓల్సన్ 10 రోజులు ముక్కు రంధ్రాలకు బిరడాలు బిగించుకుని గడిపారు. గురక పెరిగింది, రక్తపోటు పెరిగింది, నిద్ర పాడైంది. బిరడాలు తీసేసి, రాత్రిళ్లు నోటికి ప్లాస్టరు వేసుకున్నాక అన్నీ సర్దుకున్నాయి. చదవడానికి రసవత్తరంగా ఉంది కానీ, ఇద్దరి మీద జరిగిన ఈ ప్రయోగం నిజానికి ఏం చెబుతోంది? ముక్కు మూసుకుపోతే మనిషికి కష్టమని చెబుతోంది. బాగుపడటం బిరడా తీసినందుకా, ప్లాస్టరు వేసినందుకా అన్నది అందులో తేలదు. రెండూ ఒకేసారి జరిగాయి మరి. పుస్తకం చదివినవాళ్లలో చాలామందికి గుర్తుండిపోయింది ప్లాస్టరు. గుర్తుండాల్సింది బిరడా.

ఎందుకంటే రోజూ నోరు తెరిచి పడుకునేవాళ్లలో చాలామంది ముక్కులో ఏదో ఒక బిరడా ఉంటుంది. ముక్కు దూలం ఒక వైపు వంకరగా ఉండొచ్చు. అలర్జీతో లోపలి మడతలు ఉబ్బి ఉండొచ్చు. పాలిప్స్ అనే కండ ద్రాక్షగుత్తుల్లా వేలాడుతుండొచ్చు. పిల్లల్లోనైతే ముక్కు వెనక అడినాయిడ్లు పెరిగి ఉండొచ్చు. ఇవేవీ లేని ముక్కు కూడా రోజంతా ఒకే తీరుగా ఉండదు. ఒక రంధ్రంలో మడతలు ఉబ్బితే రెండోదానిలో తగ్గుతాయి, కొన్ని గంటలకు వంతు మారుతుంది. ఈ వంతులను 1895లో జర్మన్ వైద్యుడు కైజర్ శాస్త్రీయంగా వర్ణించాడు కానీ, ఇడ, పింగళ పేర్లతో మన స్వరశాస్త్రం అంతకు ఎంతో ముందే గమనించింది. దూలం వంకర ఉన్నవాళ్లకు వంతు మంచి రంధ్రం మీదికి వచ్చినప్పుడు రెండు దారులూ ఇరుకైపోతాయి. పక్కకు తిరిగి పడుకుంటే కింది వైపు రంధ్రం ఇంకా బిగుస్తుంది. అప్పుడు శరీరం నోరు తెరుస్తుంది. ముందు దర్వాజా బిగుసుకుపోతే ఇంట్లోవాళ్లు దొడ్డిదారి వాడినట్టే ఇది. దొడ్డిదారికి తాళం వేసినంత మాత్రాన దర్వాజా తెరుచుకోదు.

వరంగల్ ముక్కులకు ఈ బిగుసుకుపోవడం ఎక్కడెక్కడి నుంచి వస్తుందో చూడాలంటే ఏనుమాముల మార్కెట్ యార్డుకు మిర్చి సీజన్లో, అంటే ఎండలు ముదిరే ముందు రోజుల్లో పోవాలి. యార్డు నిండా ఎర్రటి బస్తాలు. కాంటా మీదికి బస్తా ఎత్తి దించినప్పుడల్లా గుప్పున లేచే ఘాటు. హమాలీలు, తూకం వేసే దడ్వాయిలు ముక్కుకూ మూతికీ రుమాలు బిగించి కట్టుకుని పనిచేస్తుంటారు. తొడిమలు తీసే ఆడవాళ్లు కొంగు చుట్టుకుంటారు. అయినా తుమ్ములు ఆగవు. మిరపలోని క్యాప్సైసిన్ నేరుగా నరాల చివరనున్న ఒక గ్రాహకాన్ని తాకుతుంది. వేడిని పసిగట్టేదీ అదే గ్రాహకం. దాన్ని 1997లో గుర్తించిన డేవిడ్ జూలియస్‌కు 2021లో నోబెల్ వచ్చింది. ఆ నరం కదిలితే ముక్కు కారుతుంది, మడతలు ఉబ్బుతాయి. 2025లో భౌగోళిక గుర్తింపు తెచ్చుకున్న వరంగల్ చపాటా మిర్చి రంగులో మేటి, కారంలో మెతక కాబట్టి కొంత నయం. తేజ రకం బస్తాల దగ్గర పనిచేసేవాళ్ల ముక్కుకు ఆ వెసులుబాటు లేదు. ఇక్కడొక తమాషా ఉంది. అలర్జీ లేకుండానే ముక్కు దిబ్బడ పడేవాళ్లకు క్యాప్సైసిన్‌నే కొలిచిన మోతాదులో ముక్కులో కొట్టి ఆ నరాలను మొద్దుబార్చే చికిత్స ఒకటుంది. అలాగని మిర్చి బస్తాలు మోయడం వైద్యం కిందికి రాదు.

మిర్చి ఒక్కటే అయితే ఆ యార్డు దాటగానే కథ అయిపోయేది. మిర్చికి ముందు పత్తి వస్తుంది. జిన్నింగు మిల్లుల్లో గాలిలో తేలే నూగు, దానితో వచ్చే ఆకు పొడి, సూక్ష్మజీవుల అవశేషాలు ముక్కు నుంచి ఊపిరితిత్తుల దాకా దేన్నీ వదలవు. 1934లో మొదలైన ఆజంజాహి మిల్లుతో బట్టల నగరంగా పేరు తెచ్చుకున్న ఊరికి పత్తి దుమ్ము కొత్త కాదు. నూలు మిల్లుల కార్మికులకు సెలవు తర్వాత పనిలోకి దిగిన రోజున ఛాతీ పట్టేసే జబ్బు ఉంటుందని వైద్యులకు ఎప్పటి నుంచో తెలుసు, దాన్ని బిస్సినోసిస్ అంటారు. వానలు పడ్డాక ఖాళీ జాగాల్లో, పొలం గట్ల మీద పెరిగే వయ్యారిభామ పుప్పొడి, చెరువు కట్టల వెంట సర్కారు తుమ్మ పుప్పొడి అలర్జీలకు పేరుపడ్డవి. వీటన్నిటికన్నా నన్ను ఎక్కువ కలవరపెట్టేది పడకగదిలోనే వెలిగే దోమల కాయిల్. 2003లో ప్రచురితమైన ఒక అధ్యయనం ప్రకారం ఒక కాయిల్ పూర్తిగా కాలితే వెలువడే అతి సన్నటి రేణువులు 75 నుంచి 137 సిగరెట్ల పొగలో ఉండేటంత. చలికాలం తలుపులు, కిటికీలు మూసి, మంచం కింద కాయిల్ వెలిగించి, దుమ్ము పట్టిన పాత బొంత కప్పుకుని పడుకున్న మనిషి ముక్కు అర్ధరాత్రికి ఏ స్థితిలో ఉంటుందో ఊహించడం కష్టం కాదు. ఆ మనిషి నోటికి ప్లాస్టరు వేయమని కాలిఫోర్నియాలోని వీడియో చెబుతోంది.

అయితే ఊహతో సలహాను కొట్టేయడం న్యాయం కాదు. ప్లాస్టరు మీద జరిగిన పరిశోధనలు ఏమంటున్నాయో చూడాలి. తైవాన్‌లో 2015లో 30 మంది మీద, 2022లో 20 మంది మీద అధ్యయనాలు జరిగాయి. అందరూ నిద్రలో ఊపిరి ఆగే జబ్బు తేలికపాటి దశలో ఉన్నవాళ్లు. రెండోదానిలో నోటికి పట్టీ వేసిన రాత్రి ఊపిరి ఆగే సంఖ్య గంటకు 8.3 నుంచి 4.7కు దిగింది, గురక సగానికన్నా తక్కువైంది. 20 మందిలో 13 మందికి మేలు కనిపించింది. కొట్టిపారేయదగ్గ ఫలితాలు కావివి. కానీ సంఖ్య చిన్నది, జబ్బు తేలిక, గమనించిన కాలం బహు స్వల్పం. పట్టీ వేసినవాళ్లను, వేయనివాళ్లతో లాటరీ పద్ధతిలో పోల్చి చూసినదీ కాదు. అలా పోల్చి చూసిన ప్రయోగం ఇంగ్లండ్‌లోని నాటింగ్‌హామ్‌లో ఉబ్బసం రోగుల మీద జరిగింది, 2009లో ఫలితాలు వచ్చాయి. సుమారు 50 మంది కొన్ని వారాలు నోటికి ప్లాస్టరు వేసుకుని, కొన్ని వారాలు మామూలుగా పడుకున్నారు. ఉబ్బసంలో తేడా ఏమీ లేదు. బుటెయ్‌కో అనుచరుల వాదనకు అది గట్టి ఎదురుదెబ్బ. 2025 మే నెలలో కెనడా పరిశోధకులు అప్పటిదాకా వచ్చినవన్నీ జల్లెడ పడితే పనికొచ్చేవి 10 అధ్యయనాలు తేలాయి, అన్నిటిలో కలిపి రోగులు 213 మంది. మెరుగుదల గట్టిగా కనిపించింది రెండింటిలోనే. నాలుగు అధ్యయనాలు ముక్కు మూసుకుపోయినవాళ్లకు ఊపిరాడకపోయే ప్రమాదం గురించి హెచ్చరించాయి. ఇలాంటి పరీక్షల్లో ముక్కు బాగా మూసుకుపోయినవాళ్లను మామూలుగా ముందే పక్కన పెడతారు. అంటే ప్లాస్టరు పనిచేసిందన్న కొద్దిపాటి సాక్ష్యం కూడా ముక్కు బాగున్నవాళ్ల నుంచి వచ్చినదే.

నా దృష్టిలో ఈ చర్చను తేల్చేది అమెరికాలోని బోస్టన్ వైద్యులు 2024లో ప్రచురించిన అధ్యయనం. నిద్రలో ఊపిరి ఆగే జబ్బున్న 54 మందికి మందుతో నిద్ర రప్పించి, గొంతులోకి సన్నటి కెమెరా దించి చూస్తూ, చేత్తో నోరు మూసి తెరిచి గాలి ఎంత పోతోందో కొలిచారు. సగటు తీసుకుంటే నోరు మూసినప్పుడు గాలి పెరిగింది. ప్లాస్టరు పక్షం అక్కడితో చదవడం ఆపేస్తుంది. కానీ మనుషులను విడివిడిగా చూస్తే బొమ్మ మారిపోయింది. నోటితో ఓ మోస్తరుగా పీల్చేవాళ్లకు మేలు జరిగింది. నోటితో బాగా ఎక్కువగా పీల్చేవాళ్లకు నోరు మూయగానే గాలి పెరగకపోగా తగ్గిపోయింది. వాళ్లలో అంగిలి వెనక భాగం గొంతుకు అతుక్కుపోయి ముక్కు దారి అక్కడ మూసుకుపోతోంది. నోరు ఆ అడ్డును తప్పించుకునే దారి. ముక్కు రంధ్రాలు శుభ్రంగా ఉన్నా సరే, అడ్డు లోపల ఉంటే నోరే ఆసరా అన్నమాట. ఎక్కువగా నోరు తెరిచి పడుకునేవాళ్లే కదా ప్లాస్టరు కోసం ముందుగా వెతుక్కునేది! ఎవరికి అది బాగా అవసరమని అనిపిస్తుందో వాళ్లకే అది చేటు చేసే అవకాశం ఎక్కువ.

ఇంతవరకు ‘ఊపిరి ఆగే జబ్బు’ అంటూ వచ్చిన దాన్ని స్లీప్ ఆప్నియా అంటారు. కనీసం 10 సెకన్లు ఊపిరి ఆగడమో, బాగా సన్నగిల్లడమో గంటకు 5 సార్లు దాటితే జబ్బు మొదలైనట్టు, 15 దాటితే మధ్యస్థం, 30 దాటితే తీవ్రం. 2022 ఫిబ్రవరిలో సంగీత దర్శకుడు బప్పీ లహిరి మరణానికి ఈ జబ్బే కారణమని వైద్యులు చెప్పినప్పుడు ‘సింహాసనం’, ‘గ్యాంగ్ లీడర్’ పాటలు విన్న తెలుగువాళ్లలో చాలామంది దాని పేరు మొదటిసారి విన్నారు. ఢిల్లీ ఎయిమ్స్ వైద్యులు 2023లో వేసిన అంచనా ప్రకారం దేశంలో సుమారు 10.4 కోట్ల మందికి ఇది ఉంది. అందులో దాదాపు 4.7 కోట్ల మందికి మధ్యస్థంగానో తీవ్రంగానో ఉంది. షికాగో విశ్వవిద్యాలయంలో నందూరి ప్రభాకర్ బృందం దశాబ్దాలుగా దీని వెనక యంత్రాంగాన్ని తవ్వుతోంది. మెడ దగ్గర పెద్ద రక్తనాళం చీలే చోట బియ్యపు గింజంత అవయవం ఒకటి రక్తంలో ఆక్సిజన్‌ను కనిపెడుతూ ఉంటుంది. రాత్రంతా ఆక్సిజన్ పడిపోతూ లేస్తూ ఉంటే అది అతిగా రెచ్చిపోయి, రక్తనాళాలను బిగించే నరాలను పగలు కూడా ఊరుకోనివ్వదు. మందులకు లొంగని రక్తపోటు వెనక గురక ఉందేమో చూడమనేది ఇందుకే. పగటిపూట కునికిపాట్లు అంతకన్నా తక్షణ ప్రమాదం, రాత్రంతా లారీ నడిపేవాళ్లకు మరీను.

మన ఇళ్లలో ఈ జబ్బును మొదట పట్టేది యంత్రం కాదు, పక్కన పడుకున్న మనిషి. గురక సాగి సాగి ఒక్కసారిగా ఆగిపోవడం, కొంతసేపు చప్పుడు లేకపోవడం, ఆ తర్వాత ఎగశ్వాసతో ఉలిక్కిపడటం - భార్య చెప్పే ఈ మాటలు డాక్టరుకు సగం పరీక్షతో సమానం. టొరంటోలో ఫ్రాన్సెస్ చుంగ్ 2008లో తయారుచేసిన, ఇప్పుడు ప్రపంచమంతా వాడుతున్న ప్రశ్నావళిలో మొదటి నాలుగు ప్రశ్నలు గురక, పగటి అలసట, ఊపిరి ఆగడం ఎవరైనా చూశారా అన్నది, రక్తపోటు. మిగతావి బరువు, 50 దాటిన వయసు, 40 సెంటీమీటర్లు దాటిన మెడ చుట్టుకొలత, మగవాడా అన్నది. మూడు అవును అయితే పరీక్ష చేయించుకోవాల్సిందే. ఇప్పుడు ఆ మనిషి నోటికి ప్లాస్టరు పడిందనుకోండి. చప్పుడు తగ్గుతుంది, భార్యకు నిద్ర పడుతుంది, ఇంట్లో అందరికీ సంతోషం. లోపల ఆక్సిజన్ పడిపోవడం ఆగిందో లేదో మాత్రం ఎవరికీ తెలియదు. సాక్షి నోరు నొక్కేసినట్టయింది. ప్లాస్టరు వల్ల ఊపిరాడక చనిపోతారన్న భయం కన్నా, జబ్బు కనబడకుండా ఏళ్ల తరబడి ముదిరిపోతుందన్నదే నా ప్రధాన అభ్యంతరం.

చవకగా దొరికేదాన్ని ఓ వారం వాడి చూస్తే పోయేదేముంది, ఇబ్బందైతే పీకేసుకుంటారుగా అనే వాదన ఉంది. అందులో కొంత నిజం ఉంది కూడా. ముక్కు బాగున్న, వేరే జబ్బు లేని పెద్దవాళ్లకు ఒక కాగితపు ముక్కతో పెద్ద ప్రమాదం లేదు. ఊపిరి అందకపోతే మెదడు మేల్కొలుపుతుంది. చేయి దానంతటదే పైకి పోతుంది. కానీ ఆ మేల్కొలుపును మద్యం మొద్దుబారుస్తుంది, నిద్రమాత్ర మొద్దుబారుస్తుంది. పెళ్లి విందులో తాగి వచ్చి ప్లాస్టరు వేసుకుని పడుకున్నవాడికి వాంతి వస్తే అది ఎటు పోతుంది? కడుపులో పులుపు పైకి తన్నేవాళ్లకూ, మూర్ఛ ఉన్నవాళ్లకూ, పడిశం పట్టిన రోజున ఎవరికైనా సరే, ఈ ప్రయోగం తగదు. మేల్కొలుపు పనిచేసినా, రాత్రికి పదిసార్లు మేల్కోవడం కోసం కాదు కదా ప్లాస్టరు వేసుకున్నది. పెదవుల చుట్టూ దద్దుర్లు, మీసాలున్నవాళ్ల పొద్దుటి బాధ వేరే లెక్క.

యోగశాస్త్రం ఎప్పటి నుంచో ముక్కుతోనే పీల్చమంటోంది కదా, ప్లాస్టరు అందుకు సాయమే కదా అనేవాళ్లు మన దగ్గర ఎక్కువ. ప్రాణాయామం చేసే మనిషి మెలకువగా, వెన్ను నిటారుగా పెట్టి, తన ఊపిరిని తానే గమనిస్తూ కూర్చుంటాడు. కష్టమైన క్షణాన వదిలేస్తాడు. నిద్రపోయేవాడికి ఆ అదుపు లేదు, గొంతు కండరాలూ అతని మాట వినే స్థితిలో లేవు. పైగా ఆ సంప్రదాయం ప్రాణాయామానికి ముందు జలనేతి చేయమంది, అంటే ముందు ముక్కును శుభ్రం చేసుకోమంది. నోటిని కట్టేయమని ఎక్కడా చెప్పలేదు.

పిల్లల సంగతికి వస్తే నా మాట కాస్త కటువుగానే ఉంటుంది. నోటితో పీల్చే పిల్లల ముఖం సాగిపోతుంది, పళ్లు ఎత్తుగా వస్తాయి, కాబట్టి ముందే ప్లాస్టరు వేయాలని కొందరు చెబుతున్నారు. ముఖం మారుతుందన్నది వట్టి మాట కాదు. 1970ల్లో, 80ల మొదట్లో పరిశోధకుడు ఎగిల్ హార్వోల్డ్ కోతిపిల్లల ముక్కులు సిలికాన్ బిరడాలతో మూస్తే వాటి దవడలు, పళ్ల వరస మారిపోయాయి. కానీ ఇక్కడా మూసింది ముక్కునే. నోరు తెరిచి పడుకునే పిల్లవాడికి చాలాసార్లు అడినాయిడ్లో, టాన్సిల్సో పెరిగి ఉంటాయి. వాటిని చూడకుండా, సొంతంగా ప్లాస్టరు పీక్కోలేని పిల్లవాడి నోరు మూయడం ఏ లెక్కన చూసినా తప్పే. రాత్రి గురక పెట్టి, పగలు బడిలో చికాకుగా ఉండే పిల్లవాడిని చూపించాల్సింది ఈఎన్టీ వైద్యుడికి.

మరి వైద్యులు కూడా కొందరి నోళ్లు మూయిస్తారు కదా అనవచ్చు. నిజమే. 1981లో సిడ్నీలో కాలిన్ సల్లివన్ కనిపెట్టిన సీప్యాప్ యంత్రం ముక్కు మాస్కు గుండా ఒత్తిడితో గాలి పంపి గొంతును తెరిచి ఉంచుతుంది. నోరు తెరుచుకుంటే ఆ గాలి బయటికి పోతుంది కాబట్టి గదవ కింద పట్టీ కట్టిస్తారు, ఒక్కోసారి ప్లాస్టరూ వేయిస్తారు. అక్కడ జబ్బు తేలింది, ముక్కు పరీక్ష అయింది, గాలి తోసే యంత్రం నడుస్తోంది. అదే ప్లాస్టరును ఇవేవీ లేకుండా వాడటం వేరే సంగతి.

ముక్కును అడగడం అంత ఖరీదైన పని కాదు. పగలు కూర్చుని, నోరు మూసుకుని మూడు నిమిషాలు ఇబ్బంది లేకుండా ముక్కుతో పీల్చలేనివాళ్లు రాత్రి పడుకుని ఎలా పీల్చగలరు? ఒక్కో రంధ్రం మూసి రెండోదానితో పీల్చి చూస్తే ఎటు వైపు బిగుతో తెలుస్తుంది. చెంపను వేళ్లతో పక్కకు లాగినప్పుడు గాలి సాఫీగా ఆడితే ముక్కు ముందు భాగంలోనే ఇరుకు ఉందని ఈఎన్టీ వైద్యులు అంచనా వేస్తారు. దుమ్ములో పనిచేసి వచ్చినవాళ్లకు ఉప్పునీటితో ముక్కు కడుక్కోవడం మంచి అలవాటు, కాచి చల్లార్చిన నీళ్లు అయితేనే సుమా. 2011లో అమెరికాలోని లూసియానాలో కుళాయి నీళ్లతో ముక్కు కడుక్కున్న ఇద్దరు మెదడు తినే అమీబా సోకి చనిపోయారు. దిబ్బడ తక్షణం విడిపించే చుక్కల మందులు నాలుగైదు రోజులు మించి వాడితే మందు దిగగానే ముక్కు మరింతగా బిగుసుకుంటుంది. నెలల తరబడి ఆ సీసా జేబులో పెట్టుకు తిరిగేవాళ్లు ఆ మందు తెచ్చిన జబ్బునే మోస్తుంటారు. అలర్జీకి స్టెరాయిడ్ స్ప్రే వేరు, దాని ఫలితం పూర్తిగా తెలియడానికి వారం రెండు వారాలు పడుతుంది, రోజూ వాడాలి. రెండు రోజులు కొట్టి పనిచేయలేదని పారేసేవాళ్లే ఎక్కువ. దూలం వంకరకు, పాలిప్స్‌కు ఏం చేయాలో వరంగల్ ఎంజీఎం ఆసుపత్రి ఈఎన్టీ ఓపీలోనైనా, మరెక్కడైనా వైద్యుడు లోపల చూసి చెప్పాల్సిందే. కాయిల్ బదులు దోమతెర కట్టుకోవడానికి మాత్రం ఏ వైద్యుడి చీటీ అక్కర్లేదు. మార్కెట్ యార్డులోనూ జిన్నింగు మిల్లులోనూ రుమాలు సన్నటి దుమ్మును ఆపలేదు కాబట్టి అక్కడ సరైన మాస్కు ఇవ్వాల్సిన బాధ్యత పని ఇచ్చేవాళ్లది.

ఇవన్నీ అయ్యాక, ముక్కు రెండు వైపులా సాఫీగా ఉండి, పక్కకు తిరిగి పడుకున్నా, నిద్ర పరీక్షలో జబ్బేమీ లేదని తేలినా, కేవలం అలవాటు కొద్దీ నోరు తెరుచుకునేవాళ్లు కొంతమంది మిగులుతారు. వాళ్లు ప్లాస్టరు వాడుకుంటామంటే వాదించడానికి నా దగ్గర గట్టి కారణం లేదు. అప్పుడు కూడా పెదవుల పొడవునా అడ్డంగా కాకుండా, మధ్యలో నిలువుగా ఒక సన్నటి ముక్క చాలు. రెండు మూలలా పెదవులు విడివడే జాగా ఉండాలి, నాలుకతో నెడితే ఊడిపోవాలి.